లక్షణాలు కనిపించని వాహకులు: మన ఇంటి కంప్యూటర్లు

రక్తపోటు, మధుమేహం, పాముకాటు, వడదెబ్బ వంటి విషయాలపై ఇంతకాలం మీతో ముచ్చటించిన ఈ వృద్ధ వైద్యుడు ఈసారి కంప్యూటర్ల గురించి వ్రాయడమేమిటని మీకు ఆశ్చర్యం కలగవచ్చు. నేటి విషయం మన ఆరోగ్యానికి దూరమైనదేమీ కాదు. మీ ఇంటిలో మూలనున్న కంప్యూటరు మీకు తెలియకుండానే, మీరు ఎన్నడూ చూడని ఒక రోగికి నకిలీ మందును అంటగట్టే దళారిగా పనిచేస్తూ ఉండవచ్చు. అది ఎలా జరుగుతుందో, దానిని ఆపడంలో మన బాధ్యత ఎంతో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక రోగి, ఒక పొట్లం

2012 మామిడి కాపు కాలం. నూజివీడు అప్పటికి ఇంకా కృష్ణా జిల్లాలోనే ఉంది. నేను ప్రభుత్వ సేవ నుంచి విరమించి, ఉదయం పూట ఇంటివద్దనే కొద్దిమంది రోగులను చూస్తూ ఉండేవాడిని. ఒకనాడు పొద్దున్నే ఒక పెద్దమనిషిని ఆయన భార్య, పాలేరు కలసి ఆటోలో తీసుకొని వచ్చారు. ఆయన విశ్రాంత ఉద్యోగి, కొద్దిపాటి రసాల తోట ఉన్నవాడు. ఊరు, పేరు చెప్పడం ధర్మం కాదు. గుండెనొప్పికి కొన్నేళ్ళుగా ఐసోసార్బైడ్ మాత్రలు వాడుతున్నారు. ఆ ఉదయం ఛాతీలో బరువుగా అనిపించి, అలవాటు ప్రకారం నాలుక కింద ఒక మాత్ర పెట్టుకొని, కొద్ది నిమిషాలలోనే కుప్పకూలారు. చర్మం చల్లబడి, చెమటతో తడిసిపోయింది. పై రక్తపోటు 70 మాత్రమే ఉంది.

పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి ఉంచి, సెలైను ఎక్కించి, 108 వాహనంలో విజయవాడకు పంపించాము. ఆయన బ్రతికారు. చొక్కా జేబులో దొరికిన మాత్రల అట్ట మాత్రం నా వద్ద మిగిలింది. దానిమీద తయారీదారు పేరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, గడువు తేదీ లేదు. నీలిరంగు మాత్రలు నాలుగు ఉండవలసిన చోట మూడు ఉన్నాయి.

తిరిగి వచ్చిన తరువాత ఆయన తలదించుకొని చెప్పిన సంగతి ఇది. అమెరికాలో ఉన్న కుమారునితో ఉత్తరప్రత్యుత్తరాల కోసం ఈమెయిలు నేర్చుకున్నారు. అందులో రోజూ వచ్చి పడే అడగని ఉత్తరాలలో ఒకటి, పురుషుల సమస్యకు చవకగా, రహస్యంగా మందు పంపుతామని చెప్పింది. ఆయన తెప్పించుకొని ముందురోజు రాత్రి వేసుకున్నారు. ఆ నీలిరంగు మాత్రలోని సిల్డెనాఫిల్, గుండెనొప్పికి వాడే నైట్రేట్ మందులు రక్తంలో కలిస్తే రక్తపోటు ప్రాణాపాయకరంగా పడిపోతుంది. ఈ మాట ఏ వైద్యుడైనా మొదట చెప్పేదే. అయితే ఆ ఈమెయిలులో చెప్పేవారు ఎవరూ లేరు.

"నన్ను ఒక్కమాట అడగకపోయారా?" అన్నాను.

"ఎలా అడగమంటారు డాక్టరుగారూ? మీరు మా నాన్నగారికి కూడా వైద్యం చేసినవారు. మందుల షాపు అబ్బాయేమో మా అల్లుడికి స్నేహితుడు" అన్నారాయన.

ఆ సమాధానాన్ని మీరు గుర్తుంచుకోవాలి. ఈ వ్యాపారమంతా నిలబడింది ఆ సిగ్గు మీదనే.

ఉత్తరం పంపిన వారెవరు?

ఆ ఉత్తరం ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలనిపించింది. మా తమ్ముని కుమార్తె అప్పట్లో నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదువుతుండేది. ఆ పెద్దమనిషి అనుమతితో ఆ ఈమెయిలును ఆమెకు చూపించాను. ప్రతి ఈమెయిలు వెనుకా, పోస్టుకవరుపై తపాలా ముద్రల వలె, అది నడిచి వచ్చిన దారి వ్రాసి ఉంటుందట. దానిని విప్పి చూసి, ఆ ఉత్తరం బ్రెజిల్ దేశంలో ఎవరి ఇంటిలోనో ఉన్న ఒక మామూలు బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ నుంచి బయలుదేరిందని చెప్పింది. "అయితే దొంగ బ్రెజిల్‌లో ఉన్నాడన్నమాట" అన్నాను. "కాదు పెదనాన్నా, ఈ కంప్యూటరు యజమాని దొంగ కాడు, దొంగ చేతిలో పడ్డవాడు. మనలాంటి ఇంటివాడే అయి ఉంటాడు. తన కంప్యూటరు ఈ పని చేస్తోందని అతనికే తెలియదు" అన్నది.

వైద్యునిగా నాకు ఆ మాట వెంటనే అర్థమైంది. టైఫాయిడ్ తగ్గిన తరువాత కూడా కొందరి పిత్తాశయంలో ఆ క్రిములు ఏళ్ళ తరబడి ఉండిపోతాయి. వారికి జ్వరం ఉండదు, నీరసం ఉండదు. వారు వండి వడ్డించిన అన్నం తిన్నవారికి మాత్రం జబ్బు వస్తుంది. అట్టివారిని మేము వాహకులంటాము. బ్రెజిల్‌లోని ఆ ఇంటి కంప్యూటరు అటువంటి వాహకమే.

బదనిక పట్టిన చెట్టు

మన నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు ప్రాంతాలలో పాత మామిడి తోటలున్నవారికి బదనిక గురించి నేను చెప్పనక్కరలేదు. పిట్ట ఒకటి బదనిక పండు తిని, జిగురు గింజను కొమ్మకు రాసిపోతుంది. అది మొలచి, వేరును కొమ్మలోనికి దింపి, చెట్టు తెచ్చుకున్న నీటినీ లవణాలనూ తాను త్రాగుతుంది. దూరం నుంచి చూస్తే చెట్టు పచ్చగానే ఉంటుంది. ఆ పచ్చదనంలో ఎంత మామిడిదో, ఎంత బదనికదో దగ్గరకు వెళ్ళి చూసినవారికే తెలుస్తుంది.

కంప్యూటరుకు పట్టే ఈ జాడ్యమూ అటువంటిదే. ఆసక్తి కలిగించే ఒక ఉత్తరానికి తగిలించిన ఫైలుగానో, ఉచితంగా ఇస్తామన్న సినిమాగానో, చౌకగా దొరికిన దొంగ సాఫ్ట్‌వేరుగానో ఒక చిన్న ప్రోగ్రాము లోపలికి ప్రవేశిస్తుంది. 2007 జనవరిలో ఐరోపాలో పెనుతుఫాను వీచినప్పుడు, ఆ వార్త చెబుతామన్నట్లుగా వచ్చిన ఈమెయిళ్ళను తెరచినవారి కంప్యూటర్లకు పట్టిన ప్రోగ్రాముకు స్టార్మ్ అనే పేరు వచ్చింది. లోపలికి చేరిన ప్రోగ్రాము ఏమీ పాడుచేయదు. మీ ఫోటోలు మీకు ఉంటాయి, మీ ఫైళ్ళు మీకు ఉంటాయి. అది నిశ్శబ్దంగా ఇంటర్నెట్ ద్వారా తన యజమానికి 'నేను సిద్ధం' అని కబురు పంపి, ఆజ్ఞ కోసం వేచి ఉంటుంది. ఇలా వశమైన కంప్యూటరును బాట్ అంటారు. రోబో అన్న మాటకు అది పొట్టిరూపం. ఒకే యజమాని ఆజ్ఞకు కట్టుబడిన లక్షల బాట్ల సమూహమే బాట్‌నెట్.

ఆజ్ఞ వచ్చిన తరువాత దానికి మూడు వస్తువులు అందుతాయి: ఉత్తరం నమూనా, చిరునామాల జాబితా, ఉత్తరంలో ప్రతిసారీ మార్చవలసిన పదాల పట్టిక. ఇక మీ కరెంటుతో, మీ ఇంటర్నెట్ ఖర్చుతో, మీ చిరునామా నుంచి అది ఉత్తరాలు పంపడం మొదలుపెడుతుంది. రస్టాక్ అనే బాట్‌నెట్‌కు చిక్కిన ఒక్క కంప్యూటరును మైక్రోసాఫ్ట్ పరిశోధకులు గమనించగా, అది 45 నిమిషాలలో 7,500 ఉత్తరాలు పంపింది. ఆ వేగాన రోజుకు 2 లక్షల 40 వేలు.

ఇతరుల కంప్యూటర్లే ఎందుకు?

అడగని ఈమెయిలు కొత్తది కాదు. 1978 మే 3న అమెరికాలో ఒక కంప్యూటరు కంపెనీ ఉద్యోగి, తమ కొత్త యంత్రాల ప్రదర్శనకు రమ్మని అప్పటి ఆర్పానెట్‌లోని దాదాపు 400 చిరునామాలకు ఒకేసారి ఉత్తరం పంపాడు. చరిత్రలో మొదటి స్పామ్ అదేనంటారు. అతడు తన పేరుతోనే పంపాడు. అందువల్ల తిట్లు కూడా అతనికే చేరాయి.

కాలక్రమాన ఈమెయిలు సంస్థలు జాగ్రత్తపడ్డాయి. ఒకే చోటునుంచి కుప్పలుగా ఉత్తరాలు వస్తుంటే ఆ చిరునామాను నిషేధ జాబితాలో చేర్చి, తలుపు మూయడం ఆరంభించాయి. స్పామ్‌హౌస్ వంటి సంస్థలు అట్టి జాబితాలనే నిర్వహిస్తున్నాయి. అప్పుడు స్పామ్ వ్యాపారులకు కావలసి వచ్చినది ఎవరూ అనుమానించని లక్షల చిరునామాలు. బ్రెజిల్‌లో ఒక గృహస్థుడు, గుంటూరులో ఒక విద్యార్థి, నూజివీడులో ఒక ఇంటర్నెట్ కేంద్రం, ఇలా ఒక్కొక్కరి నుంచి కొన్ని వేల ఉత్తరాలు. ఒకటి నిషేధానికి గురైతే పక్కది పని అందుకుంటుంది.

ఇందులో శ్రమ విభజన కూడా ఉంది. కంప్యూటర్లను వశపరచుకునేవాడు ఒకడు. వాటిని అద్దెకు తీసుకొని ఉత్తరాలు పంపేవాడు మరొకడు. మందులు అమ్మే వెబ్‌సైటువాడు వేరు. ఉత్తరం పంపినవానికి అమ్మకంలో కమీషను ముడుతుంది. మామిడి మండీలలో దళారీ వ్యవస్థ తెలిసినవారికి ఈ అమరిక కొత్తగా తోచదు. తేడా ఒక్కటే. అక్కడ దళారిని వెళ్ళి నిలదీయవచ్చు, ఇక్కడ మనకు కనిపించేది మన వంటి అమాయకుని కంప్యూటరు మాత్రమే.

కోటీ పాతిక లక్షల ఉత్తరాలకు ఒక్కరైనా చాలునా?

"ఈ పిచ్చి ఉత్తరాలను నమ్మేవారు కూడా ఉంటారా?" అని మీరు అడగవచ్చు. దీనికి లెక్క ఉంది. 2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు స్టార్మ్ బాట్‌నెట్‌లో ఒక భాగాన్ని చాకచక్యంగా తమ పరిశీలనలోకి తెచ్చుకొని, అది పంపే మందుల ప్రకటనలలోని లింకును తాము తయారుచేసిన నిరపాయకరమైన వెబ్‌సైటుకు మళ్ళించారు. ఎవరి వద్దా డబ్బు తీసుకోలేదు, ఎందరు కొనబోయారో లెక్కించారు. 26 రోజులలో దాదాపు 35 కోట్ల ఉత్తరాలు వెళ్ళాయి. కొనడానికి సిద్ధపడినవారు 28 మంది. అంటే సుమారు కోటీ పాతిక లక్షల ఉత్తరాలకు ఒక్కరు. ఆ 28 కొనుగోళ్ళలో ఒక్కటి తప్ప మిగిలినవన్నీ పురుషుల లైంగిక సమస్యకు సంబంధించినవే.

కోటీ పాతిక లక్షల ఉత్తరాలకు తపాలా బిళ్ళలు అతికించవలసి ఉంటే ఏ వ్యాపారీ ఈ పనికి పూనుకోడు. ఖర్చును ఇతరుల ఇళ్ళు భరిస్తున్నాయి గనుకనే అది గిట్టుబాటవుతోంది. మన కంప్యూటరు వారికి చిక్కకపోతే ఆ ఒక్కరి వద్దకు ఉత్తరం చేరదు. ఆ ఒక్కరే ఆనాడు నా బల్లమీద చల్లబడి పడుకొని ఉన్నారు.

2011లో అదే పరిశోధక బృందం మరొక అధ్యయనంలో, ఇటువంటి ఉత్తరాలు చెప్పిన సరుకులను నిజంగానే కొని చూసింది. చెల్లింపులలో నూటికి 95 వంతులు గుప్పెడు బ్యాంకుల ద్వారానే సాగుతున్నాయని తేలింది. మరొక సంగతి నన్ను బాధించింది. వారికి చేరిన మందుల పొట్లాలలో అనేకం మన దేశం నుంచే బయలుదేరాయి.

పొట్లంలో ఏముంటుంది?

ఆ మాత్రలలో ఏముంటుందో అమ్మేవానికి కూడా తెలియకపోవచ్చు. కొన్నిటిలో మందే ఉండదు. కొన్నిటిలో చెప్పినదానికంటె ఎక్కువ ఉంటుంది. కేవలం మూలికలే అని చెప్పి అమ్మినవాటిలో సిల్డెనాఫిల్ కలిపినట్లు అనేక పర్యాయాలు బయటపడింది. బరువు తగ్గించే 'సహజ' గుళికలలో సిబుట్రమిన్ దొరికింది. గుండెకు, రక్తనాళాలకు ముప్పు అని 2010లో ఐరోపా, అమెరికాలలో ఉపసంహరించి, తరువాత మన దేశంలోనూ నిషేధించిన మందు అది.

సింగపూరులో 2008 తొలి ఐదు నెలలలో జరిగిన ఉదంతం మరింత భయంకరమైనది. మధుమేహం లేని పురుషులు రక్తంలో చక్కెర బాగా పడిపోయి ఆసుపత్రులలో చేరసాగారు. మొత్తం 150 మంది. వారిలో నలుగురు మరణించారు. విచారించగా, అక్రమంగా అమ్ముతున్న లైంగిక సామర్థ్యపు మందులలో గ్లిబెన్‌క్లమైడ్ కలిసి ఉన్నదని తేలింది. మన ఇళ్ళలో మధుమేహ రోగులు ఎంతోకాలంగా ఎరిగిన మందే అది. చక్కెర వ్యాధి లేనివాడు దానిని పెద్ద మోతాదులో తెలియక మింగితే ఏమవుతుందో వేరే చెప్పాలా? అవన్నీ ఈమెయిలు ద్వారా కొన్నవని నేను అనడం లేదు. వైద్యుని చీటీ, మందుల షాపు బిల్లు లేకుండా చాటుగా వచ్చే మాత్రలో ఏమి ఉండగలదో తెలియడానికి ఆ ఉదంతం చాలు.

ఆసుపత్రికే సోకినప్పుడు

బాట్‌నెట్ వల్ల రోగులకు మరొక దారిలో కూడా కీడు కలిగింది. 2005 జనవరిలో అమెరికాలోని సియాటిల్ నగరంలో నార్త్‌వెస్ట్ హాస్పిటల్ కంప్యూటర్లకు ఒక బాట్ సోకింది. దానిని వదిలినవాడు కాలిఫోర్నియాకు చెందిన ఇరవై ఏళ్ళ యువకుడు. అతని లక్ష్యం ఆసుపత్రి కాదు. వశమైన కంప్యూటర్లలో ప్రకటనల ప్రోగ్రాములు పెట్టి కమీషను సంపాదించడమే అతనికి కావలసినది. కాని ఆ బాట్ ఇతర కంప్యూటర్ల కోసం వెతుకుతూ ఆసుపత్రి నెట్‌వర్కును ముంచెత్తింది. ఆపరేషన్ థియేటర్ల తలుపులు తెరుచుకోలేదు, వైద్యుల పేజర్లు మూగబోయాయి, ఇంటెన్సివ్ కేర్ విభాగపు కంప్యూటర్లు స్తంభించాయి. 2006లో న్యాయస్థానం అతనికి 37 నెలల జైలుశిక్ష విధించింది.

మన దగ్గరి సంగతి కూడా చెబుతాను. 2017 మే 12న వనాక్రై అనే క్రిమి ప్రపంచమంతటా వ్యాపించినప్పుడు ఇంగ్లాండులో ప్రభుత్వ వైద్యసేవలు అస్తవ్యస్తమై, వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది స్పామ్ పంపే జాతి కాదు, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే జాతి. అయినా పాఠం ఒక్కటే. దానికి విరుగుడైన అప్‌డేటును మైక్రోసాఫ్ట్ ఆ సంవత్సరం మార్చి 14నే విడుదల చేసింది. టీకా రెండు నెలల ముందే ఊరికి చేరినా వేయించుకోనివారు ఎందరో ఉన్నారు.

వాహకులలో మన స్థానం

మనం ఎప్పుడూ బాధితులమేనని అనుకోకూడదు. 2012 తొలి మూడు నెలల లెక్క తీసిన సోఫోస్ అనే బ్రిటిష్ భద్రతా సంస్థ, ప్రపంచంలో స్పామ్ అత్యధికంగా వెలువడుతున్న దేశం అమెరికాను దాటి భారతదేశమేనని ప్రకటించింది. సుమారు పది స్పామ్ ఉత్తరాలలో ఒకటి భారతీయ కంప్యూటర్ల నుంచి వెళుతున్నదట. మనవారందరూ మోసగాళ్ళయ్యారని దాని అర్థం కాదు. కొత్తగా ఇంటర్నెట్‌కు వచ్చిన కోట్లాదిమంది రక్షణ లేని కంప్యూటర్లు వాడుతున్నారని అర్థం. నా రోగికి బ్రెజిల్ నుంచి ఉత్తరం వచ్చిన ఆ వేసవిలోనే, మన తెలుగు ఇళ్ళనుంచి వెళ్ళిన అటువంటి ఉత్తరం వేరే ఖండంలో మరొక గుండెజబ్బు రోగిని చేరి ఉండవచ్చు.

మూలాన్ని కోయడం, తోటను శుభ్రపరచడం

1854లో లండన్‌లో కలరా వ్యాపించినప్పుడు డాక్టర్ జాన్ స్నో బ్రాడ్ స్ట్రీటులోని బోరింగు పిడిని తీయించిన కథ వైద్య విద్యార్థులందరికీ తెలుసు. స్పామ్ చరిత్రలో కూడా అటువంటి రోజులు ఉన్నాయి. 2008 నవంబరు 11న కాలిఫోర్నియాలోని మెకోలో అనే సంస్థకు ఇంటర్నెట్ సరఫరాను ఆపివేయగానే ప్రపంచంలో స్పామ్ సగానికి పైగా పడిపోయింది. అనేక బాట్‌నెట్లకు ఆజ్ఞలిచ్చే కంప్యూటర్లు అక్కడే ఉండేవి. 2011 మార్చి 16న మైక్రోసాఫ్ట్, అమెరికా మార్షల్స్ కలసి రస్టాక్ ఆజ్ఞాకేంద్రాలను స్వాధీనం చేసుకున్నారు. రోజుకు 3,000 కోట్ల ఉత్తరాలు పంపగల శక్తి దానికి ఉండేదని అంచనా. నకిలీ మందుల ప్రమాదాన్ని వివరిస్తూ ఫైజర్ కంపెనీ ఆ కేసులో వాంగ్మూలం ఇచ్చింది. 2012 జూలైలో గ్రమ్ అనే మరొక మందుల స్పామ్ బాట్‌నెట్ మూతపడింది.

ప్రతిసారీ కొన్నాళ్ళకు వేరొకటి తలెత్తింది. ఆజ్ఞాకేంద్రాన్ని మూసినంతమాత్రాన ఇళ్ళలోని కంప్యూటర్లు శుభ్రపడవు. రస్టాక్ పోయిన నెలల తరువాత కూడా లక్షల కంప్యూటర్లలో దాని ప్రోగ్రాము అలాగే ఉండిపోయింది. రోగాలు మార్గాలు కూడా మార్చుకున్నాయి. ఇళ్ళ కనెక్షన్ల నుంచి నేరుగా ఈమెయిలు పంపే ద్వారాన్ని అనేక ఇంటర్నెట్ సంస్థలు మూసివేయగా, బాట్లు మన ఈమెయిలు పాస్‌వర్డును దొంగిలించి మన పేరుతోనే మన స్నేహితులకు వ్రాయసాగాయి. 2021 జనవరిలో పలు దేశాల పోలీసులు కలసి పట్టుకున్న ఎమోటెట్, పాత సంభాషణకు జవాబు వలె కనిపించే ఉత్తరాలు పంపడంలో ఆరితేరినది. 2016లో మిరాయ్ అనే బాట్‌నెట్ కంప్యూటర్లను వదిలి, ఇళ్ళలోని కెమెరాలను, రౌటర్లను పట్టుకొంది. వాటి పాస్‌వర్డు కొన్ననాటిదే ఉండిపోవడం దానికి చాలింది. ఇప్పుడు మన జిల్లాలలో పెళ్ళి శుభలేఖ అనో, వాహన చలానా అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ళు ఇదే వంశానికి చెందినవి. ఒక ఫోనుకు పట్టి, అందులోని నంబర్లన్నిటికీ తానే మళ్ళీ శుభలేఖ పంచుతాయి.

మామిడికి పండు ఈగ పట్టినప్పుడు ఒక్క రైతు ఎరబుట్టలు పెట్టుకుంటే సరిపోదు. పక్క తోటవాడు రాలిన కాయలను ఏరి గోతిలో పూడ్చకపోతే ఆ పురుగు అక్కడ పెరిగి అందరి కాయలనూ తొలుస్తుంది. అతనికి అది తన తోట విషయమే కావచ్చు, నష్టం మాత్రం చుట్టుపక్కల వారందరిదీ. మన కంప్యూటరును, ఫోనును శుభ్రంగా ఉంచుకోవడాన్ని కూడా నేను ఆ దృష్టితోనే చూడమంటున్నాను. "నా దాంట్లో దాచుకోవలసినదేముంది?" అనే మాట ఇక్కడ చెల్లదు. వారికి కావలసినది మీ రహస్యాలు కాదు, మీ చిరునామా.

నా చీటీ

మీ పిల్లల సహాయం తీసుకొని ఈ వారంలోనే ఈ పనులు చేయండి.

1. కంప్యూటరుకు, ఫోనుకు వచ్చే అప్‌డేట్లను వాయిదా వేయవద్దు. వాటిని టీకాలనుకోండి. కంపెనీ అప్‌డేట్లు ఇవ్వడం మానివేసిన పాత కంప్యూటరును ఇంటర్నెట్‌కు కలపవద్దు.

2. ఇంటి వైఫై రౌటరుకు, సీసీ కెమెరాలకు కొన్నప్పుడు ఉన్న పాస్‌వర్డును మార్చండి. 2017 జూలైలో కర్ణాటకలో వేల బ్రాడ్‌బ్యాండ్ మోడెములు ఒక దుష్ట ప్రోగ్రాము దెబ్బకు పనిచేయకుండా పోయినది ఈ నిర్లక్ష్యం వల్లనే. తోటలలో కెమెరాలు పెట్టుకున్న రైతులు దీనిని ప్రత్యేకంగా గమనించాలి.

3. కేంద్ర ప్రభుత్వపు సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2017 ఫిబ్రవరి 21న 'సైబర్ స్వచ్ఛతా కేంద్ర' అనే సేవను ప్రారంభించింది. బాట్లను గుర్తించి తొలగించే ఉచిత సాధనాలు దాని వెబ్‌సైటులో లభిస్తాయి. ఫోనులకు ఉద్దేశించిన ఎం-కవచ్ వంటివి హైదరాబాదులోని సి-డాక్‌లో మనవారు రూపొందించినవే.

4. ఇంటర్నెట్ సంస్థ నుంచి "మీ కనెక్షన్ నుంచి స్పామ్ వెళుతోంది" అని కబురు వస్తే కోపగించుకోవద్దు. అయితే ఆ కబురులోని లింకును నొక్కక, బిల్లుమీద ఉన్న నంబరుకు ఫోను చేసి విచారించండి.

5. కారణం లేకుండా కంప్యూటరు నెమ్మదించడం, ఎవరూ వాడని వేళ ఇంటర్నెట్ ఖర్చు కావడం, మీరు పంపని ఉత్తరాలకు జవాబులు రావడం అనుమానించదగిన లక్షణాలు. లక్షణాలు లేనంతమాత్రాన జబ్బు లేదని భావించవద్దు.

6. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలును, అది మేనమామ పంపినదైనా సరే, తెరవవద్దు. ముందు మేనమామకు ఫోను చేయండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయండి.

7. ఈమెయిలులోను, వాట్సాప్‌లోను ప్రకటన చూసి ఏ మందూ కొనవద్దు. ఇప్పటికే కొని ఉంటే వాడడం ఆపి, ఆ అట్టను మీ వైద్యునికి చూపించండి. గుండెకు నైట్రేట్ మాత్రలు వాడేవారు సిల్డెనాఫిల్ జాతి మందులను ఏ పేరుతో వచ్చినా ముట్టుకోరాదు. ఒకవేళ వేసుకొని ఉండి ఛాతీనొప్పి వస్తే, నాలుక కింద మాత్ర పెట్టుకోకుండా 108కి ఫోను చేసి, వేసుకున్న మందు సంగతి ముందే చెప్పండి. ఆ ఒక్క మాట ప్రాణం నిలుపుతుంది.

చివరిగా పెద్దవారైన పురుష పాఠకులకు ఒక మాట. మీరు అడగడానికి సంకోచించే ఆ సమస్య చాలాసార్లు మధుమేహానికో, రక్తనాళాల జబ్బుకో తొలి సూచన. కొందరిలో గుండెపోటుకు కొన్నేళ్ళ ముందే అది కనిపిస్తుంది. దానిని వైద్యునితో చెప్పుకోవడం వల్ల ఆ సమస్యకే కాక గుండెకు కూడా సకాలంలో చికిత్స దొరుకుతుంది. మీ ఊరి వైద్యునికి చెప్పడానికి మొగమాటమైతే విజయవాడ, ఏలూరులలో మిమ్మల్ని ఎరుగని వైద్యులు ఎందరో ఉన్నారు, వారి వద్దకు వెళ్ళండి. నాలుగు దశాబ్దాలలో ఇటువంటి మాటలు ఎన్నో విన్నాను. చెప్పినవారిని చూసి నవ్విన వైద్యుడిని నేను ఎరుగను. చెప్పక చాటుగా మందు మింగి ప్రమాదంలో పడినవారిని మాత్రం చూశాను.